ముక్త్యాల రాజా: డ్యామ్ కంటే ముందు పెట్టిన డబ్బు

గుంటూరు మిర్చి యార్డు గురించి తెలియనివాళ్లు ఉండరు. కానీ ఇక్కడి మిరపకీ పత్తికీ నీళ్లు తెచ్చిన సాగర్ కాలువ వెనక ఉన్న మనిషి పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆయన వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్. జనం నోట ముక్త్యాల రాజా.

ముక్త్యాల జగ్గయ్యపేట దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఆయనది జమీందారీ కుటుంబం. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. చాలామంది మిగిలింది దాచుకునే పనిలో పడితే, ఈయన నది వెంట పడ్డారు.

అప్పటి మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నార్ ప్రాజెక్టు ఆలోచనలో ఉంది. అదే వస్తే నీళ్లు తమిళ జిల్లాల వైపు వెళ్లిపోతాయి, పక్కనే నది పారుతున్నా పల్నాడు మెట్ట మెట్టగానే ఉండిపోతుంది. రాజాగారు అడ్డం తిరిగారు. ఊరికే వద్దంటే ఎవరు వింటారు? అందుకే నందికొండ దగ్గర డ్యామ్ కట్టొచ్చని చూపించడానికి సొంత డబ్బుతో సర్వేలు చేయించారు, రిటైరైన ఇంజనీర్లతో ప్లాన్లు వేయించారు. రైతులను కూడగట్టారు.

1952లో ఖోస్లా కమిటీ వచ్చింది. నందికొండకు సరైన దారి లేదు. చూడని సైటును ఏ కమిటీ ఒప్పుకుంటుంది? ఆయన చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని కదిలించి కొద్ది రోజుల్లోనే జీపు బాట వేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కమిటీ నందికొండకే మొగ్గు చూపింది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. దాదాపు 124 మీటర్ల ఎత్తున్న రాతికట్టు, 26 గేట్లు, 203 కిలోమీటర్ల కుడి కాలువ. ఆ నీళ్లు గుంటూరు దాటి ప్రకాశం దాకా పారాయి. పారే నీళ్లను కళ్లారా చూశాకే, 1972లో రాజాగారు కన్నుమూశారు.

ఇప్పుడు మనం క్లాసులో పీపీపీ అని చదువుకుంటున్నాం కదా. అందులో ప్రైవేటు డబ్బు వస్తే, దాని వెనకే టోలో, ఫీజో వస్తుంది. ఇక్కడ లెక్క వేరు. డ్యామ్ కట్టింది ప్రభుత్వ సొమ్ముతోనే. అంత భారం ఏ జమీందారూ మోయలేడు. కానీ సర్వే ఖర్చు అలాంటిది కాదు. మొత్తంలో అది చాలా చిన్నది, ప్రాజెక్టు రాకపోతే మాత్రం పూర్తిగా మునిగిపోయేది. తిరిగి వస్తుందన్న హామీ లేని ఆ డబ్బే ఆయన పెట్టారు.

వెనకబడ్డ ప్రాంతాల్లో ఎన్నో ప్రాజెక్టులు ఆగేది కాంక్రీటు దగ్గర కాదు, మొదటి సర్వే దగ్గరే. ఆ మొదటి ఖర్చు ఎవరు పెట్టాలన్నది మన తరం ఇంజనీర్లు తేల్చాల్సిన ప్రశ్న.