వాల్తేరులో హాస్టలు పెట్టిన దుర్గాబాయమ్మ

మా అశోక్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా ఓ లేడీస్‌ హాస్టల్‌ బోర్డు కనబడుతుంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివే ఆడపిల్లలు పొద్దున్నే టిఫిన్‌ డబ్బా, నీళ్ల సీసా సంచిలో వేసుకుని చిక్కడపల్లి లైబ్రరీలో చోటు కోసం పరుగులు తీస్తుంటారు. ఆదిలాబాద్‌ పిల్లలుంటారు, శ్రీకాకుళం పిల్లలుంటారు. ఎవరైనా గోదావరి యాసలో మాట్లాడితే మాత్రం నేను చేతిలో కూరల సంచితోనే ఆగిపోతాను. మాది కాకినాడ మరి! ఆ పిల్లల్ని చూసినప్పుడల్లా మా ఊరి దుర్గాబాయమ్మ గుర్తొస్తుంది. ఇల్లు వదిలి వచ్చిన ఆడపిల్లకి తలదాచుకునే చోటు లేకపోతే, ఎంత తెలివున్నా చదువు సాగదని దాదాపు తొంభై ఏళ్ల కిందటే గ్రహించి, ఆ చోటు తనే వెతికి పెట్టిన మనిషి ఆవిడ.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ పేరు తెలియనివాళ్లు మనలో ఉండరు. రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు అని పిల్లల పుస్తకాల్లో నాలుగు వాక్యాలుంటాయి. నాకు మాత్రం ఆవిడ కథ సముద్రపు ఒడ్డు ఊళ్లలో నడిచిన కథలా అనిపిస్తుంది. పుట్టింది 1909 జూలై 15న రాజమండ్రిలో, పెరిగింది కాకినాడలో.

కాకినాడ సముద్రం చూశారా? విశాఖ సముద్రంలా ఎగిరెగిరి పడదు. ఎదురుగా హోప్‌ ఐలాండ్‌ అడ్డం ఉండడంతో అలలు నెమ్మదిగా వస్తాయి. విశాఖ నుంచి వచ్చిన మా పెద్దమ్మ పిల్లలు ఇదేం సముద్రం, చెరువులా ఉందని వెక్కిరించేవాళ్లు. మా అమ్మమ్మ ఇల్లు జగన్నాథపురంలో. వంతెన దాటుతుంటే ఉప్పుటేరు వాసన, చేపల వాసన, మధ్యలో ఎక్కడి నుంచో కాజాల పాకం వాసన. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముక్కుకి తగులుతాయి. ఆ జగన్నాథపురంలో ఒకప్పుడు డచ్చివాళ్ల వర్తకం ఉండేది. 1839 తుపానులో కోరంగి బాగా దెబ్బతింది. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోవడంతో మన పత్తికి గిరాకీ పుట్టి కాకినాడ రేవు పెరిగింది. ఓడలు దూరంగా లోతు నీళ్లలో ఆగేవి. సరుకు పడవల మీద వెళ్లేది. రంగూన్‌కి స్టీమర్లు ఇక్కడి నుంచే. ఇలా నలుగురూ వచ్చిపోయే ఊరు కాబట్టే కొత్త మాట, కొత్త గాలి తొందరగా తగిలేవేమో!

ఆ ఊళ్లోనూ ఆడపిల్ల బతుకు మాత్రం ఎక్కడైనా ఒకటే. దుర్గకి ఎనిమిదేళ్లకే మేనరికం పెళ్లి చేసేశారు. కాపురానికి పంపే వయసు వచ్చేసరికి ఆ పిల్ల తనకి ఈ సంసారం వద్దని, వేరే పెళ్లి చేసుకోమని భర్త సుబ్బారావు గారికే చెప్పేసింది. పుట్టింటివాళ్లు ఆ పిల్ల పక్షాన నిలబడ్డారు. ఈ రోజుల్లో కూడా ఎంతమంది తల్లిదండ్రులు అలా నిలబడతారో మీరే ఆలోచించండి.

ఇంగ్లీషు చదువు రుద్దుతున్నారని చిన్నప్పుడే బడి మానేసింది. హిందీ నేర్చుకుని, తోటి ఆడవాళ్లకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టింది. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలియగానే, ఆయన దేవదాసీలతోనూ, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పట్టుబట్టింది. పట్టుమని పన్నెండేళ్లు లేవు. నిర్వాహకులు అయిదు వేల రూపాయలు విరాళం తెస్తే చూద్దామన్నారట. ఆ రోజుల్లో అయిదు వేలంటే మాటలా! దేవదాసీ స్త్రీలే ఆ డబ్బు కూడబెట్టి ఇచ్చారు. లోకం చిన్నచూపు చూసిన ఆ ఆడవాళ్లు మాట నిలబెట్టిన సంగతి నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టం. సభ జరిగింది. ఒంటి మీది నగలు తీసి ఇచ్చినవాళ్లు ఎందరో. గాంధీగారి హిందీ ప్రసంగాన్ని ఆ చిన్న పిల్లే తెలుగులో చెప్పింది.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్‌ మహాసభ. మౌలానా మహమ్మదలీ అధ్యక్షుడు. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర దుర్గ వలంటీరు. టికెట్‌ లేదని నెహ్రూ గారిని ఆపేసింది! పెద్దలు కంగారు పడినా టికెట్‌ కొన్నాకే లోపలికి వదిలింది. మా అమ్మమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతూ చెప్పే కథల్లో ఇదొకటి. నెహ్రూ ఎవరో తెలియని వయసులో కూడా మేం ఆ టికెట్‌ దగ్గర పకపకా నవ్వేవాళ్లం.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేనాటికి దుర్గాబాయి మద్రాసులో ఉంది. మూడేళ్లలో మూడుసార్లు జైలు. వేలూరు జైల్లో చదువురాని ఆడఖైదీలను చూసింది. ఏ నేరం కింద లోపల పడ్డామో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశామో కూడా తెలియని అమాయకులు. లాయరు కావాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. మధురలో ఏకాంత ఖైదు ఒంటిని పిండేసింది. 1933లో బయటికొచ్చేసరికి ఇరవై నాలుగేళ్లు. చేతిలో మెట్రిక్‌ కూడా లేదు!

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టింది. బెనారస్‌ మెట్రిక్‌, ఇంటర్‌ పూర్తి చేసింది. బి.ఏ.కి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లింది.

వాల్తేరు అప్పటికి దొరల ఊరు. ఇంగ్లండులో గాలి మార్పుకి బ్రైటన్‌ లాంటి సముద్రపు ఊళ్లకి పోయే అలవాటున్నవాళ్లు ఇక్కడ వాల్తేరు మెరక మీద బంగళాలు కట్టుకున్నారు. 1926లో బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం 1930లో ఆ మెరక మీదికి వచ్చింది. కింద సముద్రం, పైన చదువులు. అన్నీ ఉన్నాయి, ఆడపిల్లలు ఉండడానికి హాస్టలు మాత్రం లేదు! వైస్‌ చాన్సలర్‌ కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆ ఇబ్బందే చెప్పారు. హాస్టలు లేదు కాబట్టి ఆడపిల్లలు రారు, ఆడపిల్లలు రారు కాబట్టి హాస్టలు కట్టరు. ఇలాంటి చిక్కుముడి మన ఇళ్లలోనూ, ఆఫీసుల్లోనూ ఎన్నిసార్లు చూడలేదు?

ఇంకొకరైతే ఏ బంధువుల ఇల్లో వెతుక్కుని తన చదువు తను చూసుకునేవారు. దుర్గాబాయి పత్రికల్లో ప్రకటన వేయించింది. యూనివర్సిటీలో చదవాలని ఉండి, ఉండడానికి చోటు లేక ఆగిపోయిన అమ్మాయిలు రాయమని కోరింది. ఉత్తరాలు వచ్చాయి. ఆ అమ్మాయిలను కూడగట్టి ఒక చోటు చూసి హాస్టలు నడిపించింది. తరవాత విశ్వవిద్యాలయానికి కాదనే వీల్లేకపోయింది. పొలిటికల్‌ సైన్స్‌ ఆనర్స్‌ బాగా ప్యాసై, లండన్‌లో చదవడానికి టాటా వారి స్కాలర్‌షిప్‌ తెచ్చుకుంది. యుద్ధం వచ్చి ఓడ ఎక్కనివ్వలేదు. మద్రాసులోనే లా చదివి కోర్టులో అడుగుపెట్టింది.

ఈలోగా మైలాపూరులో చిన్నపిల్లలకు హిందీ నేర్పుతూ మొదలైన పని 1937లో ఆంధ్ర మహిళా సభ అయ్యింది. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్లను బెనారస్‌ మెట్రిక్‌కి తయారు చేశారు. తను నడిచిన దారినే పదిమందికి వేసింది.

ఆ పైన కథ అందరికీ తెలిసిందే. 1946లో రాజ్యాంగ సభ, ఆ సభాధ్యక్షుల ప్యానెల్లో ఏకైక మహిళ. తరవాత ప్లానింగ్‌ కమిషన్‌. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్‌ దేశ్‌ముఖ్‌ గారితో పెళ్లి, సాక్షి సంతకం నెహ్రూ గారిది. గుమ్మం దగ్గర ఆపేసిన పిల్ల పెళ్లికి! అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు. 1975లో పద్మవిభూషణ్‌.

చివరి రోజుల్లో భార్యాభర్తలిద్దరిదీ హైదరాబాదే. 1981 మే 9న ఆవిడ, 1982 అక్టోబరులో ఆయన వెళ్లిపోయారు. మా చిక్కడపల్లి నుంచి వి.ఎస్‌.టి. మీదుగా వెళ్తే విద్యానగర్‌లో ఆవిడ పేరుతో ఆస్పత్రి. ఆంధ్ర మహిళా సభ కాలేజీల్లో చదివినవాళ్లు నారాయణగూడలో, చిక్కడపల్లిలో ఏ వీధిలో అడిగినా దొరుకుతారు.

ఈ గొప్పలన్నీ ఒక ఎత్తు, ఒక చిన్న సంగతి ఒక ఎత్తు. చిన్ననాటి భర్త సుబ్బారావు గారు వేరే పెళ్లి చేసుకున్నారని చెప్పాను కదా. ఆయన 1941లో పోయారు. ఆ రెండో భార్య, అంటే లోకం లెక్కలో సవతి, దిక్కులేనిదయ్యింది. దుర్గాబాయి ఆవిడని తన దగ్గరికి తెచ్చుకుంది. కొన్నాళ్లు దగ్గరే ఉంచుకుని, చేతిపనుల్లో శిక్షణ ఇప్పించింది. తరవాత ఆవిడ ఈ హైదరాబాదులోనే ఒక హస్తకళల శిక్షణ సంస్థలో ఉద్యోగంలో చేరి, తన కాళ్ల మీద తను బతికింది.