హెర్మన్ జోసెఫ్ ముల్లర్

హెర్మన్ జోసెఫ్ ముల్లర్ (డిసెంబరు 21, 1890 - ఏప్రిల్ 5, 1967) అమెరికా దేశానికి చెందిన ప్రముఖ జన్యుశాస్త్రవేత్త. ఎక్స్-కిరణాలు జీవుల జన్యువులలో మార్పులు కలిగిస్తాయని ప్రయోగపూర్వకంగా నిరూపించి, 1946లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. వికిరణం ఎంత స్వల్పమైనా జన్యువులకు ఆ మేరకు హాని తప్పదన్నది ఈయన వాదన.

బాల్యము, విద్య

ముల్లర్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. 1910లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, అక్కడే థామస్ హంట్ మోర్గాన్ బృందంలో చేరి పండ్ల ఈగలపై పరిశోధన చేశాడు. 1916లో డాక్టరేటు పొందాడు.

ఎక్స్-కిరణ ప్రయోగాలు

జన్యువులలో సహజంగా కలిగే మార్పులు (ఉత్పరివర్తనాలు) బహు అరుదు. వాటిని లెక్కించడానికి ముల్లర్ ఒక ప్రత్యేకమైన ఈగల వంగడాన్ని రూపొందించాడు. ఎక్స్ క్రోమోజోములో ప్రాణాంతకమైన మార్పు కలిగితే, ఆ సంతతిలో మగ ఈగలు పుట్టవు. కనుక సీసాలో మగ ఈగలు ఉన్నవో లేవో చూస్తే చాలు. 1926 చివరలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఈగలను ఎక్స్-కిరణాలకు గురిచేయగా, అధిక మోతాదులో మార్పులు సుమారు 150 రెట్లు పెరిగాయి. 1927లో ఈ ఫలితాలు సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. శరీర కణాలలో కలిగే ఇటువంటి మార్పులు క్యాన్సరుకు దారితీయవచ్చని కూడా ఈయన భావించాడు. 1930లో ఈయన శిష్యుడు ఆలివర్, మోతాదు పెరిగిన కొద్దీ మార్పులు అదే నిష్పత్తిలో పెరుగుతాయని చూపించాడు.

దేశాంతర వాసము

1932లో మానసికంగా కుంగి ఆత్మహత్యకు ప్రయత్నించి బ్రతికి బయటపడ్డాడు. అదే ఏడాది బెర్లిన్ వెళ్ళి, నాజీలు అధికారంలోకి వచ్చిన తరువాత 1933లో సోవియట్ రష్యా చేరాడు. అక్కడ లైసెంకో సిద్ధాంతాలను బహిరంగంగా ఖండించి 1937లో దేశం విడిచాడు. కొంతకాలం స్పెయిన్ అంతర్యుద్ధంలో రక్తదాన సేవలో పాల్గొని, ఎడింబరో చేరాడు. అక్కడ ఈయన వద్ద పరిశోధన చేసిన భారతీయుడు ఎస్.పి. రాయ్‌చౌధురి, 400 రాంట్‌జన్‌ల మోతాదును కొద్దిసేపట్లో ఇచ్చినా, నిమిషానికి 0.01 రాంట్‌జన్ చొప్పున నెల రోజులు ఇచ్చినా ఈగలలో మార్పులు దాదాపు సమానమేనని గమనించాడు. 1944లో ప్రచురితమైన ఈ పరిశోధన ముల్లర్ వాదనకు బలం చేకూర్చింది.

స్వల్ప మోతాదు వివాదము

1945 నుండి ముల్లర్ ఇండియానా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. హానిలేని కనిష్ఠ మోతాదు అంటూ లేదని నోబెల్ ఉపన్యాసంలో ప్రకటించాడు. అనవసరమైన ఎక్స్-రే పరీక్షలు మానాలని వైద్యులను కోరాడు. 1955లో జెనీవాలో జరిగిన అణుశక్తి సదస్సులో ఈయన పత్ర సమర్పణను అమెరికా అణుశక్తి సంఘం అడ్డుకుంది. అదే ఏడాది అణ్వాయుధాలకు వ్యతిరేకంగా రసెల్-ఐన్‌స్టీన్ ప్రకటనపై సంతకం చేశాడు. మేలైన మానవ సంతతి కోసం ఎంపిక చేసిన వీర్యాన్ని భద్రపరచాలన్న ఈయన ప్రతిపాదన మాత్రం తీవ్ర విమర్శలకు గురైంది.

తరువాతి పరిశోధనలు

ఈగలలో తేలినదంతా క్షీరదాలకు యథాతథంగా వర్తించదని తరువాత తెలిసింది. 1958లో ఓక్‌రిడ్జ్‌లో విలియం రసెల్ ఎలుకలపై చేసిన ప్రయోగాలలో, అదే మోతాదును నెమ్మదిగా ఇచ్చినపుడు మార్పులు తగ్గాయి. కణాలు కొంత నష్టాన్ని సరిచేసుకోగలగడమే దీనికి కారణమని భావిస్తారు. హిరోషిమా, నాగసాకి బాధితులకు తరువాత పుట్టిన బిడ్డలలో వంశపారంపర్య లోపాలు పెరిగినట్లు స్పష్టమైన ఆధారం లభించలేదు. అయితే వికిరణానికి గురైన వారిలో మోతాదును బట్టి క్యాన్సర్లు పెరిగాయి. అతి స్వల్ప మోతాదుల ప్రభావంపై శాస్త్రవేత్తలలో నేటికీ ఏకాభిప్రాయం లేదు.

ప్రభావము

అయినప్పటికీ రక్షణ నియమాలు, మోతాదు ఎంత తక్కువైనా కొంత ప్రమాదం ఉండవచ్చన్న జాగ్రత్తతోనే రూపొందినవి. మన దేశంలో వికిరణంతో పనిచేసే సిబ్బందికి అణుశక్తి నియంత్రణ మండలి విధించిన పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. కరీంనగర్, ఆదిలాబాదు వంటి పట్టణాల ఆసుపత్రులలో సైతం ఎక్స్-రే సిబ్బంది మోతాదును కొలిచే బిళ్ళను ఛాతీపై ధరించవలసి ఉంటుంది. గర్భిణీ స్త్రీలను ముందుగా తెలియజేయమని కోరడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే.

ముల్లర్ 1967లో ఇండియానాపోలిస్‌లో మరణించాడు.