ఓడలు, విమానాలు కట్టించిన వాల్‌చంద్ హీరాచంద్

మన విశాఖలో షిప్‌యార్డు తెలియనివారు లేరు. దానిని స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్ గారి గురించి తెలిసినవారు మాత్రం తక్కువే.

ఆయన 1882 నవంబరు 23న షోలాపూర్‌లో జన్మించారు. మిత్రులతో కలిసి సింధియా నౌకా కంపెనీని నెలకొల్పారు. ఆ కంపెనీ ఓడ ‘లాయల్టీ’ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుండి లండన్‌కు బయలుదేరింది. ఆ రోజునే జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

1939లో ఆయన అమెరికా నుండి విమానంలో పసిఫిక్ సముద్రం మీదుగా వస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి హాంకాంగ్‌కు నేరుగా సుమారు 11,000 కిలోమీటర్లు. నేడు ఎక్కడా ఆగకుండా 15 గంటల్లోపే చేరవచ్చు. ఆ రోజుల్లో నీటిమీద దిగే విమానాలు ఉండేవి. అవి హోనొలులు, మిడ్‌వే, వేక్, గువామ్ దీవుల్లో ఆగుతూ దారిలోని మనీలా చేరడానికే దాదాపు ఆరు రోజులు పట్టేది. ఆ ప్రయాణంలో విమానాల వ్యాపారి విలియం పాలీతో ఆయనకు పరిచయమైంది. మన దేశంలోనే విమానాలు తయారు చేయాలన్న ఆలోచన ఆ మాటల్లో పుట్టింది. 1940 డిసెంబరులో బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఏర్పడింది. అదే నేటి హెచ్.ఎ.ఎల్.

1941 జూన్ 21న విశాఖ షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడ్డాయి. అదే ఏడాది విమానాల ఫ్యాక్టరీని ప్రభుత్వం తీసుకుంది. అయినా ఆయన వెనుకాడలేదు. 1948 మార్చి 14న ‘జల ఉష’ ఓడను నెహ్రూ గారు సముద్రంలోకి ప్రవేశపెట్టారు. వాల్‌చంద్ గారు 1953 ఏప్రిల్ 8న కన్నుమూశారు.

మిత్రులారా! మనలో చాలామంది ఊరు చేరాలంటే రెండు బస్సులు మారాలి. ఆ గంటలు వృథా అనుకోవద్దు. ప్రక్క సీటులోని మనిషిని పలకరిద్దాం. ఒక దేశపు విమాన పరిశ్రమ అలాగే మొదలైంది.