మంచుకొండలలో 36 గంటలు: సర్ ఎర్నెస్టు షాకల్టన్ చరిత్రము

తలపెట్టిన చోటికి చేరినవారి చరిత్రములు లోకమున కొల్లలుగా నున్నవి. ఈ సంచికలో మేము చెప్పదలచిన కథ అట్టివానిది కాదు. సర్ ఎర్నెస్టు షాకల్టన్ దక్షిణ ధ్రువమును చేరవలెనని బయలుదేరి, చేరకయే మరలెను. ఆ మంచుఖండమును ఒక తీరమునుండి వేరొక తీరమునకు నడచి దాటవలెనని పూని, ఆ యాత్రలో ఆ నేలపై అడుగైనను మోపలేకపోయెను. అయినను, అతడు మరణించి నూరేండ్లు గడచినను అతని పేరు మాయలేదు. ఏల మాయలేదో విచారించినచో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, బోధకులమగు మాకును మేలు కలుగునని నమ్మి ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

షాకల్టన్ 1874 ఫిబ్రవరి 15వ తేదీని ఐర్లండు దేశమున కిల్‌డేర్ మండలములోని కిల్కీయందు జన్మించెను. అతని తండ్రి మొదట వ్యవసాయము చేసి, పిమ్మట వైద్యశాస్త్రము నభ్యసించి వైద్యుడై, 1884లో కుటుంబముతో ఇంగ్లండునకు తరలివచ్చెను. బాలుడు లండనులోని డల్విచ్ కళాశాలయను పాఠశాలలో చేరెను గాని తరగతిలో పేరొందినవాడు కాడు. కథలును కావ్యములును చదువుటయం దున్న ప్రీతి అతనికి పాఠములయందు లేకుండెను. తండ్రి తనవలెనే వైద్యుడు కావలెనని కోరెను. కుమారుడు సముద్రమును కోరెను. పదునారవ యేట అతడు తెరచాప ఓడలో పనికి కుదిరెను. చిన్నపనులనుండి యొక్కొక్క మెట్టే యెక్కి, 1898లో ఓడను స్వతంత్రముగా నడుపుటకు వలయు అధికారపత్రమును సంపాదించెను.

1901లో కెప్టెన్ స్కాటు నాయకత్వమున డిస్కవరీ అను ఓడ దక్షిణ ధ్రువ ప్రాంతమునకు బయలుదేరగా, షాకల్టన్ అందొక అధికారిగా పోయెను. 1902 డిసెంబరు 30న స్కాటు, విల్సను, షాకల్టన్ అను మువ్వురును అంతకు ముందెవరును చేరనంత దక్షిణమునకు చేరిరి. తిరుగుదారిని షాకల్టన్ తీవ్రమైన వ్యాధికి లోనయ్యెను. మరుసటి సంవత్సరము అతనిని ఇంటికి పంపివేసిరి. ఆ అవమానము అతని మనస్సున ములువలె నాటుకొనెను. 1907లో తానే నాయకుడై నిమ్రాడ్ అను ఓడలో మరల దక్షిణమునకు పోయెను.

1909 జనవరి 9వ తేదీని అతడు మువ్వురు సహచరులతో, ధ్రువమునకు సుమారు 180 కిలోమీటర్ల దూరమున నిలిచియుండెను. అంతవరకు ఏ మానవుడును అంత దక్షిణమున నిలువలేదు. ముందుకు సాగినయెడల ధ్రువమును చేరియుందురేమో. కాని మిగిలియున్న ఆహారమును లెక్కింపగా, చేరినవారు తిరిగిరాజాలరని తేలెను. షాకల్టన్ వెనుకకు మరలెను. ఆ తిరుగు ప్రయాణమున ఒకనాడు, ఆకలితో కృశించియున్న ఫ్రాంకు వైల్డు అను సహచరునిచేత తన పాలి బిస్కత్తును బలవంతముగా తినిపించెను. నలుగురును ప్రాణములతో ఓడను చేరిరి. అతడు ఇంగ్లండునకు వచ్చిన పిమ్మట రాజు అతనికి సర్ బిరుదము నొసగెను. 1911 డిసెంబరులో నార్వే దేశీయుడగు అముండ్‌సెన్ ధ్రువమును చేరెను. మరుసటి నెలలో చేరిన స్కాటును అతని నలుగురు సహచరులును తిరుగుదారిని మరణించిరి.

ధ్రువము అన్యులచే సాధింపబడినది గనుక, ఖండమునే దాటవలెనని షాకల్టన్ సంకల్పించి, 1914లో ఎండ్యూరెన్స్ అను ఓడలో బయలుదేరెను. ఓడలో మొత్తము 28 మంది యుండిరి. 1915 జనవరిలో వెడెల్ సముద్రమున మంచుగడ్డలు ఓడను నలువైపుల బిగించెను. నెలలు గడచెను గాని బిగువు సడలలేదు. అక్టోబరు 27న ఓడను విడిచి మంచుపై దిగవలసివచ్చెను. నవంబరు 21న నుగ్గయిన ఓడ మునిగిపోయెను. అయిదు నెలలు వారు కదలుచున్న మంచుపై గుడారములలో బ్రతికిరి. 1916 ఏప్రిలులో మంచు విడివడగా మూడు చిన్న పడవలలో ఎలిఫెంటు అను నిర్జన ద్వీపమును చేరిరి. ఓడలు ఆ త్రోవను పోవు. ఎవరైనను వెదకుకొని వత్తురను ఆశయు లేదు.

అప్పుడు షాకల్టన్ 22 మందిని ఫ్రాంకు వైల్డు రక్షణమున అచ్చటనే యుంచి, తాను అయిదుగురితో కూడి, ఇంచుమించు 7 మీటర్ల పొడవుగల జేమ్స్ కెయర్డ్ అను పడవలో సహాయార్థమై సముద్రముపై బడెను. లోకమున మిక్కిలి భయంకరమని పేర్గాంచిన ఆ సముద్రమున సుమారు 1,500 కిలోమీటర్లు ప్రయాణించి, మే 10వ తేదీని దక్షిణ జార్జియా ద్వీపమును చేరిరి. ఆ ద్వీపమున నార్వే దేశీయుల తిమింగిలపు వేట స్థావరములు గలవు. కాని అవి ఉత్తర తీరమున నున్నవి. పడవ చేరినది దక్షిణ తీరమునకు. పడవ శిథిలమయ్యెను. తోడివారిలో ఇద్దరు నడువలేని స్థితిలో నుండిరి. రెండు తీరముల నడుమ ఉన్నవి మంచుకొండలు. అంతకు ముందు వానిని దాటినవారు లేరు. పటమున తీరరేఖయే గాని లోపలి భాగము తెల్లగా విడువబడియుండెను.

మన ప్రాంతమున మంచనగా చలికాలపు వేకువను చేలపై గ్రమ్ము పొగమంచే. అచ్చటి మంచు వేరు. అది రాయివలె గట్టిపడి, కొండల నడుమ కంటికి తెలియనంత మెల్లగా నదివలె జారుచుండును. అట్టి హిమనదములపై, వేసవిలో మన నల్లరేగడి భూములలో పడునట్టి నెర్రెలు పడును. కాని ఆ నెర్రెలు మనుష్యుని మ్రింగునంత లోతైనవి. పైని పలుచని మంచు కప్పియుండుటచే కానరావు. పైగా ఆ దేశమున మే నెల శీతకాలారంభము.

1916 మే 19వ తేదీ, శుక్రవారము, తెల్లవారుజామున మూడు గంటలకు వెన్నెల వెలుగున షాకల్టన్, ఫ్రాంకు వర్స్‌లీ, టామ్ క్రీన్ అను మువ్వురు స్నేహితులు బయలుదేరిరి. వర్స్‌లీ న్యూజిలండు వాడు, మునిగిన ఓడకు కెప్టెను. క్రీన్ ఐర్లండు వాడు, పూర్వము స్కాటుతో రెండు మారులు ఈ ప్రాంతమునకు వచ్చినవాడు. బరువని గుడారమును పరుపుసంచులను తీసికొనలేదు. మూడు దినముల ఆహారము, చిన్న కిరసనాయిలు పొయ్యి, వంటపాత్ర, సుమారు 50 అడుగుల త్రాడు, మంచులో మెట్లు చెక్కుటకు వడ్రంగి బాడిస, ఇవియే వారి సామగ్రి. జారకుండుటకై పడవనుండి ఊడదీసిన మరమేకులను బూట్ల అడుగున బిగించుకొనిరి. ఒకడు నెర్రెలో పడినను తక్కిన ఇద్దరు నిలుపగలుగునట్లు మువ్వురును ఒకే త్రాటికి కట్టుకొని నడచిరి.

మొదట వారికి క్రింద విశాలమైన సరస్సువంటిది కనబడెను. దానివైపు చాల దూరము దిగిన పిమ్మట తెల్లవారగా, అది సరస్సు కాదు, సముద్రపు పాయ యని తెలిసెను. ఆ తీరమున మనుష్యులు లేరు. తీరము వెంబడి పోవుటకు త్రోవయు లేదు. దిగిన దారినే మరల నెక్కిరి. ఎదుట ఒక పర్వతశ్రేణి. దాని శిఖరముల నడుమ కొన్ని కనుమలు. మెట్లు చెక్కుకొనుచు మొదటి కనుమ నెక్కి చూడగా ఆవల నిట్టనిలువుగా కొండకోసు. దిగి, రెండవ కనుమ నెక్కిరి. అచ్చటను దారి లేదు. దిగి, మూడవదాని నెక్కిరి, అదియు నట్లే. ప్రతిమారు గంటలకొలది శ్రమ వృథయయ్యెను. అయినను, ఇంత శ్రమపడి యెక్కితిమి గదా యని కాని దారిని దారిగా భావించి దిగుటకు సాహసింపలేదు.

నాలుగవ కనుమను చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకుచుండెను. వెనుకనుండి పొగమంచు క్రమ్ముకొని వచ్చుచుండెను. ఆవలి వాలు కొంత దూరమే కనబడెను. క్రింద ఏమున్నదో చీకటిలో తెలియదు. ఆ యెత్తున రాత్రి నిలిచినచో గుడారము లేని ఆ మువ్వురును గడ్డకట్టి చత్తురు. మరలుటకు వ్యవధి లేదు. షాకల్టన్ నిశ్చయించెను. త్రాటిని చుట్టలుగా చుట్టి, వానిపై ఒకరి వెనుక ఒకరు గూర్చుండి, వెనుకవాడు ముందువానిని గట్టిగా పట్టుకొనగా, మువ్వురును ఆ చీకటిలోనికి జారిరి. కొన్ని నిమిషములలో వందల అడుగులు దిగి, మెత్తని మంచులో సుఖముగా నిలిచిరి. లేచి ఒకరి చేతుల నొకరు పట్టుకొని సంతోషించిరి. ఉదయమునుండి మూడుమారులు మరలిన ఆ జాగరూకుడే, మరలుట చావుతో సమానమైన క్షణమున వెనుదీయలేదు.

ఆ రాత్రియు వెన్నెలలో నడచిరి. ఒకమారు నెర్రెలమయమైన హిమనదముపై పడి, అది తమ గమ్యము గాదని తెలిసికొని, మరల వెనుకకు నడచిరి. వేకువజామున విశ్రాంతికై కూర్చుండగా వర్స్‌లీయు క్రీనును వెంటనే నిద్రపోయిరి. తానును నిద్రించినచో ఎవరును మేల్కొనరని షాకల్టన్ ఎరుగును. అయిదు నిమిషములు కావలియుండి వారిని లేపి, అరగంట నిద్రించితిరని చెప్పి నడిపించెను. ఆ అయిదు నిమిషములే వారికి అరగంట బలము నిచ్చెను.

మే 20వ తేదీ ఉదయము ఏడు గంటలు సమీపింపగా వారు గడియారమును చూచుచు చెవియొగ్గి నిలిచిరి. సరిగా ఏడు గంటలకు కొండల కావలినుండి పనివారిని పిలుచు ఆవిరికూత వినవచ్చెను. 1914 డిసెంబరు తరువాత బయటిలోకపు మనుష్యులు చేసిన శబ్దము వారి చెవిని బడుట అదియే మొదలు. అటుపిమ్మటను కష్టము తీరలేదు. తుదకు ఒక జలపాతమున, మంచువంటి నీటిలో త్రాటి నూతగా దిగవలసివచ్చెను. ఆ త్రాటిని అచ్చటనే విడిచి, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున స్ట్రామ్‌నెస్ స్థావరమును చేరిరి. పొగచే నల్లబడిన ముఖములు, జడలు కట్టిన వెండ్రుకలు, చింపిరి బట్టలు గల ఆ మువ్వురిని చూచి ఇద్దరు బాలురు పరుగెత్తిపోయిరి. పూర్వము పరిచయము గల స్థావరాధికారియు షాకల్టన్‌ను గుర్తింపలేకపోయెను.

ఆ రాత్రియే కొండలపై గొప్ప మంచుతుపాను రేగెను. ఒక్కదినము ఆలస్యమైనచో వారు బ్రతికియుండరు. ఆ ప్రయాణమున తాము మువ్వురము గాక నలుగురమున్నట్లు తనకు పలుమారులు తోచినదని షాకల్టన్ 1919లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. తక్కిన ఇద్దరును తమకట్లే తోచినదని అతనితో చెప్పిరట. అది దైవసన్నిధియని కొందరు, అలసిన మనస్సు చేయు కల్పనయని కొందరు తలచుచున్నారు. మేము తీర్పు చెప్పబూనము.

దక్షిణ తీరమున మిగిలిన మువ్వురికొరకు వర్స్‌లీ ఆ రాత్రియే ఓడలో బయలుదేరెను. స్నానముచేసి గడ్డము గీయించుకొని వచ్చిన అతనిని ఆ మువ్వురును ఆనవాలు పట్టలేకపోయిరి. ఎలిఫెంటు ద్వీపవాసుల విషయమై షాకల్టన్ మూడుమారులు మూడు ఓడలలో బయలుదేరి, మంచు అడ్డగింపగా మూడుమారులును మరలెను. నాలుగవమారు చిలీ దేశపు ఎల్చో అను చిన్న ఓడలో పోయి, ఆగస్టు 30న 22 మందిని ప్రాణములతో తెచ్చెను. కనుమల విషయమున జరిగినదే ఓడల విషయమునను జరిగినది.

అతడు దోషములు లేనివాడని మేము చెప్పము. ఖండమున కావలివైపు, అతనికొరకు ఆహారము నిలువచేయ పోయిన అతని మరియొక బృందములో ముగ్గురు మరణించిరి. మిగిలిన ఏడుగురిని తెచ్చుటకు అతడు 1917 జనవరిలో ఆ వైపునకును పోయెను. జేమ్స్ కెయర్డ్ పడవను సముద్రమునకు తగినట్లు బాగుచేసిన వడ్రంగి మెక్‌నిష్ పూర్వము మంచుపై ఒకనాడు ఆజ్ఞకు ఎదురాడెను. ఆ కోపమును మరువక షాకల్టన్ అతనికి ధ్రువపతకము దక్కనీయలేదు. ఆ వడ్రంగి 1930లో పేదరికమున మరణించెను. ధనవిషయమునను షాకల్టన్‌కు వివేకము చాలదు. పెక్కు అప్పులు మిగిల్చి పోయెను.

1921లో అతడు క్వెస్టు అను ఓడలో మరల దక్షిణమునకు బయలుదేరి, 1922 జనవరి 5వ తేదీని వేకువను, దక్షిణ జార్జియాయందే గుండెజబ్బుచే ఓడలో కన్నుమూసెను. అప్పటికి 47 ఏండ్లు. అతని భార్య కోరికపై ఆ ద్వీపముననే గ్రిట్‌వికెన్ వద్ద సమాధి చేసిరి. మునిగిన ఎండ్యూరెన్స్ ఓడను 2022 మార్చిలో సుమారు 3,000 మీటర్ల లోతున కనుగొనిరి. దాని వెనుకభాగమున ఓడ పేరు చెదరక యుండెను.

విద్యార్థులారా, తప్పుత్రోవను పడుట సిగ్గుచేటు కాదు. తప్పని తెలిసియు, ఇంతదూరము వచ్చితిమి గదా యని సాగుటయే ప్రమాదము. లెక్క తప్పినచో మొదటినుండి చేయుడు. మాట తప్పైనచో వెనుకకు తీసికొనుడు. కాని మీ నమ్మికపై ఎవరైనను వేచియున్నప్పుడు మాత్రము మూడుమారులు మరలినను నాలుగవమారు బయలుదేరుడు. ఆనాడు బిస్కత్తు తిన్న ఫ్రాంకు వైల్డు, ఎలిఫెంటు ద్వీపమున 21 మందిని కాచుచు నాయకుడు వచ్చునని నమ్మి నాలుగు నెలలు వేచియుండినవాడు, 1939లో దక్షిణాఫ్రికాయందు మరణించెను. 2011లో అతని చితాభస్మమును గ్రిట్‌వికెనునకు తెచ్చి షాకల్టన్ సమాధి కుడిప్రక్కను నిక్షేపించిరి.