మహబూబు పాదుషా తుపాకి

హాలియా, మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతముల పాత సంసారుల యిండ్లలో తాతలనాటి జంటగొట్టముల తుపాకి యొక్కటి యున్నయెడల, దానితోపాటు ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖానుని ప్రస్తావనయు రాక మానదు. ఆ తుపాకిని జూచి ముచ్చటపడిన నేటి కుఱ్ఱవాడు, ఎగురు మట్టిబిళ్ళలను కొట్టుట నేర్వగోరి, తనకు మొదటి తుపాకిగా నెట్టిది తగునని యడుగుచున్నాడు. అతనికి బదులు చెప్పుటకు ముందు ఆ ప్రభువు జీవితమును స్మరించుట యుక్తము. కోరిన తుపాకి నెల్ల కొనగలిగియు, కొనుటచేతనే గురికాడు కాలేదని యెఱిగినవాడాయన.

మహబూబు అలీఖాను 1866వ సంవత్సరము ఆగష్టు మాసమున హైదరాబాదులో జన్మించెను. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా కాలధర్మము నొందునాటికి బాలునికి మూడేండ్లయినను నిండలేదు. ఆ పసివానిని గద్దె నెక్కించి, మొదటి సాలార్ జంగు, షంసులుమరా రాజ్యభారమును వహించిరి. ఆంగ్లోపాధ్యాయులచే చదువు చెప్పించుకొన్న నిజాములలో నీతడే మొదటివాడు. ఉర్దూ పారసీకములును, గుఱ్ఱపుస్వారియు, తుపాకి పట్టుటయు నా శిక్షణలోనివే. 1883లో సాలార్ జంగు మరణించెను. మఱుసటి యేట ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పను ప్రభువు స్వయముగా వచ్చి పదునెనిమిదేండ్లయినను నిండని యువకునకు పూర్ణాధికారము నొప్పగించెను.

ఆయన వైభవమునుగూర్చి వ్రాయవలెనన్న గ్రంథమగును. పురానీ హవేలీలోని బట్టల బీరువాల వరుస యొక నడవ పొడవున నేటికిని గలదు. 1891లో జేకబు అను వర్తకుడు తెచ్చిన మహావజ్రమునకై న్యాయస్థానమునందు వ్యవహారము నడిచినది. తుదకు ప్రభువునకే దక్కిన యా వజ్రము, తండ్రి మరణానంతరము కుమారునకు జోడు కొనయందు దొరకెనని చెప్పుదురు. వెలనుబట్టి వస్తువును గౌరవించు స్వభావ మాయనకు లేదనుట కిది చాలును.

ఆయన మనసు అడవియందుండెను. పాఖాలు, నెక్కొండ ప్రాంతములలో వేటవిడుదులు వెలసెను. ముప్పదికి పైగా పులులను చంపినవాడని జనులు తీస్‌మార్‌ఖాన్ అని పిలుచుకొనిరి. ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు తీసిన వేటచిత్రములు నేటికిని చూపఱ నాకర్షించును. కర్జను ప్రభువు 1902లో నెక్కొండ యడవులలో వేటాడిన చిత్రమును ఆ కోవలోనిదే. ఆ చిత్రములలో చచ్చిన పులి యెదుటనున్నది. ఆ పులిని త్రోలుటకు డప్పులతో నడచిన చెంచు, కోయవాని పేరు మాత్ర మెచ్చటను లేదు. ఈ లోపమును మనము గమనింపక తప్పదు.

గాలిలో నెగురవేసిన నాణెములను గుండుతో కొట్టెడివాడని ఆయనకు ప్రసిద్ధి. ఇచ్చట నొక విషయము తెలిసికొనవలెను. పులిని కొట్టునది రైఫిలు. దాని గుండొక్కటి, గురి నిలుకడగలది. మట్టిబిళ్ళను పగులగొట్టునది సీసపు రవ్వలను చిమ్ము నున్నని గొట్టపు తుపాకి. రైఫిలు గురిచూచి యాగును. ఇది లక్ష్యముతోపాటు సాగిపోవలెను, మీట నొక్కిన పిమ్మటగూడ సాగుచునే యుండవలెను. ఆగినవాడు బిళ్ళకు వెనుకనే కాల్చును. పెద్దపులి వేటకాండ్ర మనుమలు మట్టిబిళ్ళల యెదుట సిగ్గుపడుటకు మొదటి కారణ మిదియే.

ఆ బిళ్ళయు నాయన కాలమున పుట్టినదే. ఇంగ్లాండులో పెట్టెలనుండి విడిచిన సజీవపు పావురములను కాల్చుట వేడుక. తరువాత గాజుగోళములు వచ్చెను. 1880లో, మన బాలరాజునకు పదునాలుగేండ్లప్పుడు, అమెరికాలోని సిన్సినాటి వాసి లిగౌస్కీ మట్టిపళ్ళెమును సృష్టించెను. 1900లో పారిసు ఒలింపిక్కులలో నీ క్రీడ ప్రవేశించినది. నేటి బిళ్ళ సున్నపురాతిపొడియు కీలును కలిపి చేసినది. 110 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 105 గ్రాముల తూకము.

ఇక కుఱ్ఱవాని ప్రశ్న. పన్నెండు బోరునే కొనుము. శేరు లెక్క కాదు. ఒక పౌను సీసముతో పన్నెండు సమానపు గుండ్లు చేసిన, అందొక్కటి పట్టు గొట్టమే పన్నెండు బోరు. గొట్టము లొకదానిపై నొకటి యుండుట మేలు. కంటి కొక్కటే వరుస కనబడును. 28 మొదలు 30 అంగుళముల పొడవును, మూడున్నర కిలోల బరువును మంచివి. అడవిలో మోయుటకు తేలిక తుపాకి సుఖము. దినమునకు నూఱు తూటాలు కాల్చువానికి బరువే భుజమును కాచును. అన్నిటికంటె ముఖ్యము, మడమ నీ దేహమునకు కుదురుట. కన్నులు మూసికొని తుపాకిని చెక్కిలికి చేర్చి కన్నులు తెఱువుము. చూపు గొట్టము వెంబడి తిన్నగా పోయినచో నది నీది. ఏ కన్ను బలమైనదో ముందే పరీక్షించుకొనుము. చెక్కడపు వెండిపనికి పెట్టు ధనము తూటాలకు పెట్టుము.

అయితే ఈ కోరిక తీర్చుకొను స్వాతంత్ర్యమును మనవారు తేలికగా పొందలేదు. బ్రిటిషిండియాలో లిట్టను కాలపు 1878 నాటి ఆయుధశాసనము, తెల్లవారికి లేని నిర్బంధమును దేశీయునకు విధించెను. పంటను పందులు త్రవ్వుచుండ చేతులు ముడుచుకొన్న రైతుల గోడు సామాన్యమైనది కాదు. 1959 నాటి చట్టము దాని స్థానమున వచ్చినది. లైసెన్సు నేటికిని తప్పదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించెను. కాబట్టి వేడుకకు తుపాకి పట్టువానికి మిగిలినది మట్టిబిళ్ళయే. అందుకు విచారింపవలసిన పని లేదు. హైదరాబాదు వాసి కైనాన్ చెనాయి ఈ బిళ్ళలను కొట్టియే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 2023లో పతకములు తెచ్చెను.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచినప్పుడు మహబూబు అలీఖాను తన భవనద్వారములను నిరాశ్రయులకు తెఱపించెను. ప్రజ లాయనను తలచుకొనునది పులులకంటె నీ పనికే యెక్కువ. 1911 ఆగష్టు 29న ఫలక్‌నుమా భవనమున, నలువదియైదేండ్ల ప్రాయమున, మరణించి మక్కామసీదు ఆవరణమున సమాధి నొందెను.

గోడనున్న తాతగారి తుపాకి మాట మిగిలినది. ఆ కాలపు గొట్టములలో ననేకములు ఇనుపయుక్కు తీగెలను మెలివేసి యతికినవి, నల్లమందుకు చేసినవి; గదులు 65 మిల్లీమీటర్లవి. నేటి పొగలేని మందు గల 70 మిల్లీమీటర్ల తూటాను వానిలో పెట్టిన గొట్టము పగిలి చేతివ్రేళ్ళు పోవచ్చును. మేలైన తుపాకి మేస్త్రీ చూచి చెప్పువఱకు దానిలో తూటా పెట్టకుడు.