మహాకవి గోథే – జీవితమే పాఠశాల

జర్మన్ సాహిత్యానికి విశ్వఖ్యాతి ఆర్జించిపెట్టిన మహాకవి జోహాన్ వోల్ఫ్‌గాంగ్ గోథే 1749 ఆగస్టు 28న మైన్ నదీతీరాన గల ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయశాస్త్ర పండితుడు, క్రమశిక్షణాప్రియుడు. తల్లి ఉల్లాసశీల, కథలు చెప్పడంలో నేర్పరి. బాల్యంలోనే ఆయన లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్, ఇంగ్లీషు, హీబ్రూ భాషలను అభ్యసించాడు. ఆనాటికి జర్మనీ ఏకఖండమైన దేశం కాదు. పెక్కు సంస్థానాల సమూహం. ఆ ప్రజలను ఒక్కటిగా నిలిపినవాటిలో భాష ప్రధానమైనది. ఇన్ని భాషలు నేర్చిన గోథే తన సాహిత్య జీవితాన్ని మాతృభాషకే అంకితం చేశాడు. పరభాషలతో పరిచయం కలిగినప్పుడే స్వభాష స్వరూపం చక్కగా బోధపడుతుందన్నది ఆయన దృఢాభిప్రాయం.

లీప్‌జిగ్, స్ట్రాస్‌బర్గ్ నగరాలలో న్యాయశాస్త్రం చదివాడు. 1772లో, అప్పటికే వేరొకరితో వివాహం నిశ్చయమైన యువతిని ప్రేమించి వేదన పాలయ్యాడు. ఆ వేదన నుండి 1774లో 'వెర్తర్' నవల వెలువడింది. నాయకుని విషాదాంతం ఐరోపా యువతను కలచివేసింది. పలువురు ఆతని వేషధారణను సైతం అనుకరించారు. లీప్‌జిగ్ అధికారులు ఆ గ్రంథాన్ని నిషేధించారు. కవి మాత్రం తన దుఃఖాన్ని అక్షరాలలో పెట్టి దానినుండి బయటపడ్డాడు. ఆవేశం ఒక్కటే జీవితాన్ని నడపజాలదని తదనంతర జీవితంలో ఆచరించి చూపాడు.

1775లో యువప్రభువు కార్ల్ ఆగస్ట్ ఆహ్వానంపై వైమార్ చేరి, మంత్రాంగంలో పాల్గొని, గనులు, రహదారులు, ఆర్థిక వ్యవహారాలు చూశాడు. ఇల్మెనౌలో ఆయన శ్రద్ధతో 1784లో తిరిగి తెరిపించిన గని 1796లో నీటి పాలైంది. ఏళ్ల తరబడి చేసిన శ్రమ వ్యర్థమైనా ఆయన కృంగిపోలేదు. రాచకార్యాల మధ్య కవిత్వం అడుగంటిపోతున్నదని గ్రహించి, 1786లో రహస్యంగా ఇటలీకి ప్రయాణమై, 1788లో నూతనోత్సాహంతో తిరిగివచ్చాడు.

వృక్షాల రూపపరిణామంపై 1790లోను, వర్ణశాస్త్రంపై 1810లోను గ్రంథాలు ప్రకటించాడు. న్యూటన్ సిద్ధాంతాన్ని ఖండించబోయిన ఆయన వాదాన్ని భౌతికశాస్త్రజ్ఞులు అంగీకరించలేదు. అయినా, కంటికి రంగులు గోచరించే తీరుపై ఆయన చేసిన పరిశీలనలు నేటికీ ఆదరణీయాలు.

1791లో మన కాళిదాసు 'శాకుంతలం' జర్మన్ అనువాదంలో ఆయన చేతికందింది. ముగ్ధుడై ఆ నాటకాన్ని ప్రశంసిస్తూ పద్యం వ్రాశాడు. 1794 నుండి కవి షిల్లర్‌తో గాఢమైన మైత్రి ఏర్పడింది. ఇద్దరివీ భిన్నస్వభావాలే అయినా ఒకరి రచనను మరొకరు సరిదిద్దుకొన్నారు. 1805లో షిల్లర్ అకాలమరణం ఆయనకు తీరని లోటు.

మానవ స్వభావంపై గోథే తన భావాలను చిన్నచిన్న వాక్యాలుగా వ్రాసిపెట్టుకొనేవాడు. అవి మరణానంతరం ఒక సంపుటంగా వెలువడ్డాయి. మనిషి కేవలం ఆత్మవిచారంతో తన్నుతాను తెలుసుకోలేడనీ, నాటి కర్తవ్యాన్ని నాడు నిర్వర్తిస్తేనే తన శక్తి ఎంతటిదో తెలియవస్తుందనీ ఆయన భావన.

ఈ భావనకు వార్ధక్యంలో కఠిన పరీక్ష ఎదురైంది. భార్య 1816లో మరణించింది. 1830లో కుమారుడు ఆగస్ట్ రోములో కన్నుమూశాడు. ఆ తరువాత గోథేకు తీవ్రమైన రక్తస్రావమైంది. ఎనుబది యొకటవ ఏట, కోలుకొన్న తరువాత, యౌవనంలో ఆరంభించి దాదాపు 60 సంవత్సరాలు మోసుకువచ్చిన 'ఫౌస్ట్' కావ్యనాటకం రెండవ భాగాన్ని 1831లో ముగించి, ముద్ర వేసి భద్రపరిచాడు. పొరపాట్లు చేస్తూనే నిరంతరం పైకి ప్రయత్నించే మానవునికి విముక్తి ఉన్నదని చాటే ఆ కృతి ఆయన మరణానంతరమే ప్రకటితమైంది. 1832 మార్చి 22న వైమార్‌లో ఆయన కీర్తిశేషుడయ్యాడు.

పలు భాషల నడుమ మాతృభాషలో చదువుకొంటున్న మన బాలబాలికలకు గోథే జీవితం రెండు విషయాలు బోధిస్తుంది: అన్ని భాషల సంపదనూ స్వీకరించి స్వభాషను పెంపొందించుకోవాలి, ఓటమి ఎదురైనప్పుడు చేతిలోని పనిని విడిచిపెట్టరాదు.