జేఆర్డీ టాటా: టీ రంగు దగ్గర్నుంచి సీటు దాకా.. అన్నీ రాసి చెప్పిన ఛైర్మన్!

ఛైర్మన్ విమానం దిగారంటే చాలు, ఆఫీసుకి ఓ నోట్ వచ్చేది. అందులో గాలి మాటలుండవు. ఏం బాగుంది, ఏం బాలేదు, ఎలా సరిచేయాలి.. అంతే! ఎయిర్ ఇండియాకి ప్రపంచంలో పేరు తెచ్చిన జేఆర్డీ టాటా పద్ధతి ఇది.

పైలట్ నుంచి ఛైర్మన్ దాకా

జేఆర్డీ 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తల్లి ఫ్రెంచ్ మహిళ. 1929లో భారత్‌లో ఇచ్చిన మొట్టమొదటి పైలట్ లైసెన్స్ ఆయనదే. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానంలో ఉత్తరాలు మోసుకొచ్చారు. ఎయిర్ ఇండియా కథ మొదలైంది అక్కడే. 1938లో టాటా గ్రూప్ పగ్గాలు ఆయన చేతికొచ్చాయి.

1953లో ప్రభుత్వం ఎయిర్ ఇండియాను జాతీయం చేసింది. తమతో సరిగా సంప్రదించలేదని జేఆర్డీ బాధపడ్డారు. అయినా సంస్థను వదల్లేదు. జీతం తీసుకోకుండా పాతికేళ్లు ఛైర్మన్‌గా పనిచేశారు.

నోట్స్‌లో ఏముండేది?

ప్రయాణికుడిలా కూర్చుని ప్రతీదీ గమనించేవారు. ఓసారి విమానంలో ఇచ్చిన టీ రంగు చూస్తే కాఫీకీ దానికీ తేడా తెలియట్లేదని రాశారు. కొన్ని సీట్లు మిగతావాటికన్నా ఎక్కువ వెనక్కి వాలుతున్నాయి, సరిచేయండని కూడా సూచించారు. సర్వీస్ మెరుగుపరచండి అని ఊరికే అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఫలానా సీటు, ఫలానా టీ అని చెబితే ఆ పని ఎవరిదో వెంటనే తెలిసిపోతుంది.

చెప్పడమే కాదు, వినడం కూడా

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో కార్మికుల బాగోగులు చూసేందుకు ప్రత్యేక విభాగం ఉండాలని పట్టుబట్టారు. 1956లో యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మేనేజ్‌మెంట్, కార్మికులు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే కమిటీలు వచ్చాయి.

ఆయనకే చెప్పలేదు!

1978 ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం జేఆర్డీని ఎయిర్ ఇండియా ఛైర్మన్ పదవి నుంచి తప్పించింది. ఆ విషయం ముందుగా ఆయనకు చెప్పలేదు. తన స్థానంలోకి వస్తున్న పీసీ లాల్ నోటి ద్వారానే ఆయనకు తెలిసింది. చిన్న లోపాన్ని కూడా సూటిగా రాసి చెప్పిన మనిషికి, అంత పెద్ద నిర్ణయాన్ని సూటిగా చెప్పినవాళ్లు లేకపోయారు. పదవి పోయినందుకన్నా ఆ తీరే ఎక్కువ నొప్పించే విషయం.

1992లో జేఆర్డీకి భారతరత్న దక్కింది. 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి వచ్చింది. ఆ రోజు చూడ్డానికి ఆయన లేరు.

పదిమందితో ఓ చిన్న షాపు నడిపేవాళ్లకైనా ఆయన పద్ధతి పనికొస్తుంది. విషయం ఏదైనా సరే, సంబంధించిన మనిషికే, అర్థమయ్యేలా, సమయానికి చెప్పాలి.